చాదస్తం అని కొట్టిపారేయకండి: మతిమరుపు జబ్బు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా అత్తయ్య డిమెన్షియాతో ఆరేళ్లు బతికారు. ఆ ఆరేళ్లలో చుట్టాలు, ఇరుగుపొరుగు, కూరగాయల బండి దగ్గర కలిసినవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలే చాలావరకు ఇవి. అప్పట్లో కొన్నిటికి నా దగ్గరా జవాబు లేదు. ఆసుపత్రిలో ఓపీ బయట బెంచీల మీద కూర్చుని, డాక్టర్లని అడిగి, చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మీ ఇంట్లో మనిషికి ఏ మందు వేయాలన్నది వాళ్లని చూసిన డాక్టరే చెప్పాలి.

వయసు మీద పడ్డాక మతిమరుపు సహజమే కదా?

కొంతవరకు సహజమే. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతకడం, పెళ్లిలో పలకరించినవాళ్ల పేరు ఇంటికొచ్చాక గుర్తురావడం, చీటీ లేకుండా బజారుకెళ్లి ఒక సరుకు మర్చిపోవడం, ఇవేవీ జబ్బు కాదు.

జబ్బు తీరు వేరు. నలభై ఏళ్లుగా చేతికి అలవాటైన పని చేజారిపోతుంది. మా అత్తయ్య చేపల పులుసు పెడితే వీధి చివరిదాకా వాసన వచ్చేది. ఒకరోజు చింతపండు నానబెట్టి, తర్వాత ఏం చేయాలో తెలియక గిన్నె ముందు అలాగే నిలబడిపోయారు. అంతకు ముందు చాలా నెలలుగా కూరలో ఉప్పు రెండుసార్లు పడుతూనే ఉంది. మేం నవ్వి ఊరుకున్నాం.

మనకు చాదస్తం అని ఒక మాట ఉంది. అడిగిందే అడిగితే చాదస్తం, చెప్పిందే చెబితే చాదస్తం. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో దాదాపు రెండేళ్లు గడిచిపోయాయి. పది నిమిషాల్లో అదే ప్రశ్న నాలుగోసారి అడగడం, పుట్టి పెరిగిన వీధిలో దారి తప్పడం, చిల్లర లెక్క తప్పడం, మాట దొరక్క "అదీ, అదీ" అని ఆగిపోవడం, ఎంతో ఇష్టమైన పేరంటాలకూ భజనకూ వెళ్లడం మానేయడం... ఇలాంటివి కనిపిస్తూ, నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంటే డాక్టరుకు చూపించాల్సిందే.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. వందలో ఏడుగురికి ఉంటే, మిగిలిన తొంభై ముగ్గురూ ముసలివాళ్లే, వాళ్లకు లేదు. వయసు వల్ల ముప్పు పెరుగుతుంది కానీ వయసే జబ్బు కాదు.

డిమెన్షియా, అల్జీమర్స్ ఒకటేనా?

జ్వరానికీ మలేరియాకూ ఉన్న తేడాలాంటిదే. డిమెన్షియా అనేది జ్ఞాపకం, ఆలోచన, మాట, పని చేసుకునే శక్తి తగ్గిపోయే స్థితి. దానికి కారణమయ్యే జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్, మొత్తం కేసుల్లో 60 నుంచి 70 శాతం దాకా ఇదే. బీపీ, షుగరు వల్ల మెదడుకు రక్తం సరిగ్గా అందకపోయినా, పక్షవాతం వచ్చి వెళ్లినా వాస్క్యులర్ డిమెన్షియా వస్తుంది. లేని మనుషులు, పిల్లలు, జంతువులు ఉన్నట్టు కనిపించే లూయీ బాడీ రకం ఒకటి ఉంది. ఇంకొకటి మెదడు ముందు భాగానికి వచ్చేది. అందులో మొదట పోయేది జ్ఞాపకం కాదు, మర్యాద. యాభైల్లో ఉన్న పెద్దమనిషి ఉన్నట్టుండి బూతులు మాట్లాడటం, డబ్బు తగలేయడం మొదలుపెడతాడు. ఊరంతా గుణం చెడిందనుకుంటుంది.

ఇది పిచ్చేనా? మెంటల్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే జనం ఏమనుకుంటారు?

ఈ ప్రశ్నకు మొదట్లో నేను చెప్పిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. "ఛఛ, మా అత్తయ్యకు పిచ్చి కాదండీ, ఒట్టి మతిమరుపే" అనేదాన్ని. అలా అంటూ మా వీధిలోనే ఇరవై ఏళ్లుగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుతో ఉన్న అబ్బాయిని, వాళ్లమ్మని ఇంకో మెట్టు కిందికి తోస్తున్నానని నాకు తోచలేదు. మాది గౌరవమైన జబ్బు, మీది సిగ్గుపడాల్సిన జబ్బు అన్నట్టు మాట్లాడాను.

డిమెన్షియాలో మెదడు కణాలు క్రమంగా చనిపోతాయి. కుంగుబాటు, బైపోలార్, స్కిజోఫ్రీనియా వేరే దారిలో వచ్చే జబ్బులు. వాటిలో చాలావాటికి మందులతో, మాటలతో మంచి గుణం కనిపిస్తుంది. వైద్యం ఆ జబ్బులకూ కావాలి, ఈ జబ్బుకూ కావాలి. "ఎర్రగడ్డకు పంపాలి వీణ్ణి" అని హైదరాబాద్‌లో, "చినవాల్తేరు కేసు" అని విశాఖలో ఎంతోమంది సరదాగా అనేస్తారు. ఆ రెండూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్న చోట్లు. ఆసుపత్రి పేరే తిట్టయితే ఇక ఆ గేటు దాటే ధైర్యం ఎవరికి ఉంటుంది?

మానసిక జబ్బు ఉన్నవాళ్లంతా మీద పడి కొడతారన్నది కూడా అపోహే. నిజానికి దెబ్బలు తినేది ఎక్కువగా వాళ్లే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది సజీవంగా కాలిపోయారు. జబ్బు నయమవుతుందని నమ్మి కుటుంబాలే అక్కడ వదిలి వెళ్లిన మనుషులు వాళ్లు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రోగినీ గొలుసులతో బంధించకూడదని స్పష్టంగా చెప్పింది. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చెప్పింది. ఆ చట్టంలో మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలో ఆలోచన, మనఃస్థితితో పాటు జ్ఞాపకం అనే మాట కూడా ఉంది. మా అత్తయ్యనూ ఆ వీధి చివరి అబ్బాయినీ చట్టం ఒకే వాక్యంలో చూసింది. నాకే చాలాకాలం పట్టింది.

నిన్నటిదాకా బాగున్న మనిషి రాత్రికి రాత్రి ఏదేదో మాట్లాడుతున్నారు. గాలి సోకిందంటున్నారు, నిజమా?

ఈ జవాబు ఒక్కటి మాత్రం తప్పకుండా చదవండి. డిమెన్షియా మెల్లగా, నెలలూ ఏళ్లూ తీసుకుని వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతే, కాసేపు మత్తుగా, కాసేపు ఆవేశంగా ఉంటే అది డెలీరియం కావచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, రక్తంలో సోడియం పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, ఆపరేషన్, ఇలా ఎన్నో కారణాలు ఉంటాయి. పెద్దవాళ్లకు ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఒక్కోసారి జ్వరం కూడా రాదు, మాట తడబాటే కనిపిస్తుంది. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుంది. వేళకు వైద్యం అందితే చాలామంది కోలుకుంటారు.

మాకు తెలిసిన ఒక పెద్దాయనకు ఇలాగే జరిగితే రెండు రోజులు వేపమండలతో దిగదుడుపులు, తాయెత్తులు అయ్యాయి. మూడో రోజు ఆసుపత్రిలో సోడియం చాలా తక్కువగా ఉందని తేలింది. వారానికి ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మీ నమ్మకం ప్రకారం మొక్కుకోండి, విభూతి పెట్టండి, నేను తప్పుపట్టను. రక్తపరీక్ష మాత్రం ఆ రోజే చేయించండి.

"కోడలు అన్నం పెట్టట్లేదు" అని పక్కింటివాళ్లకు చెబుతున్నారు. నగలు దొంగిలించానంటున్నారు. ఏం చేయాలి?

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. అత్తయ్య పదకొండింటికి అన్నం తినేవారు. చేయి కడుక్కుని అరుగు మీద కూర్చుని, పావుగంటకే దారినపోయేవాళ్లతో "పొద్దుట్నుంచి మెతుకు లేదమ్మా" అనేవారు. ఒకావిడ జాలిపడి ఇడ్లీలు తెచ్చి పెట్టింది. నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

జబ్బు ఉన్న పెద్దావిడ అబద్ధం చెప్పట్లేదు, ఆ సంగతి ముందు మనం నమ్మాలి. తిన్న సంగతి ఆమె మెదడులో నమోదు కాలేదు. తినలేదన్నది ఆమెకు పచ్చి నిజం. నగల సంగతీ అంతే. ఎవరైనా తీసేస్తారన్న భయంతో గాజులు బియ్యం డబ్బాలో దాచి, దాచిన సంగతి మర్చిపోతారు. పెట్టిన చోట లేవు కాబట్టి ఎవరో తీశారు. ఇంట్లో రోజంతా ఎదురుగా ఉండేది ఎవరు? కోడలు. నింద పడేది ఎప్పుడూ దగ్గరుండి చూసుకునేవాళ్ల మీదే, నెలకోసారి పండ్లు పట్టుకొచ్చేవాళ్ల మీద కాదు.

అనుమానం ఈ జబ్బుకు పుట్టుకతో వచ్చిన లక్షణం. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి అగస్టె డెటర్ అనే 51 ఏళ్ల ఆవిడను తీసుకొచ్చారు. ఆమెను పరీక్షించిన డాక్టరు అలోయిస్ అల్జీమర్. తన భర్త మీద విపరీతమైన అనుమానం, ఆమెలో ముందుగా బయటపడిన లక్షణం అదే. 1906లో ఆమె చనిపోయాక మెదడును మైక్రోస్కోప్ కింద చూసి ఆయన కనిపెట్టిన మార్పులకే తర్వాత ఆయన పేరు పెట్టారు. ఈ సంగతి చదివిన రోజు నాకు సగం బరువు దిగింది.

"ఇప్పుడే తిన్నారు కదా" అని వాదించకండి. మేం భోజనాన్ని చిన్న చిన్న వాయిదాలు చేశాం. మళ్లీ అడిగితే నాలుగు అటుకులు, ఒక అరటిపండు. గాజులు పోయాయంటే "అయ్యో, పదండి వెతుకుదాం" అని నేనూ వెతికేదాన్ని. బంగారం లాకర్‌లో పెట్టి, చేతికి గిల్టు గాజులు వేశాం. ఇరుగుపొరుగు పది ఇళ్లకు వెళ్లి జబ్బు సంగతి దాచకుండా చెప్పాను. దాచినంతకాలం నేను చెడ్డ కోడల్ని, చెప్పాక ఇడ్లీలు తెచ్చినావిడే సాయంత్రాలు వచ్చి అత్తయ్య పక్కన కూర్చునేది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నిజంగానే పెద్దవాళ్లకు తిండి పెట్టని, కొట్టే ఇళ్లు ఉన్నాయి. మనిషి చిక్కిపోతున్నా, ఒంటి మీద దెబ్బలు కనిపిస్తున్నా జబ్బు మాటలే అని వదిలేయకండి. వయోవృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేయొచ్చు.

నాన్నగారు వీడియో కాల్‌లో నాతో బాగానే మాట్లాడుతున్నారు. అన్నయ్య, వదిన ఎక్కువ చేసి చెబుతున్నారా?

డల్లాస్ నుంచో, మెల్‌బోర్న్ నుంచో చాలామంది పిల్లలకు వచ్చే అనుమానమే. మా మరిదికీ వచ్చింది. పలకరింపులు, మర్యాదలు మెదడులో చాలా లోతుగా నాటుకుని ఉంటాయి. "బాగున్నావా నాన్నా, తిన్నావా, పిల్లలు బాగున్నారా" అన్న పది నిమిషాల మాటకు పాత అలవాటు సరిపోతుంది. ఫోన్ పెట్టేశాక "ఎవరు మాట్లాడింది?" అని అడుగుతారు. అది మీకు వినపడదు.

పొద్దున్న ఏం టిఫిన్ తిన్నారో అడగండి. ఈమధ్య ఇంటికి ఎవరొచ్చారో అడగండి, వచ్చే జవాబు సరైనదో కాదో తర్వాత అన్నయ్యను కనుక్కోండి. అన్నిటికంటే మేలు, వచ్చి పదిహేను రోజులు ఉండటం. అందులో నాలుగు రాత్రులైనా మీరే పక్కన పడుకోవడం. మా మరిది ఐదో రోజు పొద్దున్న నా కాళ్లకు దణ్ణం పెట్టాడు. అప్పటిదాకా రెండేళ్లపాటు మా మధ్య మాటల్లేవు.

గుర్తు లేదంటే గట్టిగా చెప్పి గుర్తు చేయించాలా? అబద్ధం చెబితే పాపం కాదా?

పరీక్షలు పెట్టొద్దు. "నేనెవరో చెప్పు చూద్దాం" అని వచ్చిన ప్రతి చుట్టమూ అడిగేవాళ్లు. చెప్పలేక ఆమె ముఖం చిన్నబోయేది. మీరే వెళ్లి "పెద్దత్తయ్యా, నేను మీ తమ్ముడి కూతుర్ని" అని చెప్పి కూర్చోండి.

అబద్ధం సంగతి నన్ను చాలాకాలం వేధించింది. మామయ్య పోయి తొమ్మిదేళ్లు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అత్తయ్య "ఆయన ఇంకా రాలేదేం?" అని గుమ్మంలో నిలబడేవారు. చాలామందికి ఆ వేళకే కంగారు ఎక్కువవుతుంది. మొదట్లో నిజం చెప్పాను. ఆమె అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చారు. మర్నాడు మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాను, మళ్లీ ఏడ్చారు. ఒక మనిషికి రోజూ వైధవ్యం చెప్పడం కంటే పెద్ద పాపం ఉండదనిపించింది. అప్పటినుంచి "మామయ్యకు మీ చేతి కాఫీ అంటే ఎంత ఇష్టమో కదా" అని ఆయన గురించే మాట్లాడించేదాన్ని. అందులో అబద్ధం కూడా లేదు.

భర్త పోయినప్పటినుంచి అమ్మ మాట్లాడటం లేదు, అన్నీ మర్చిపోతోంది. ఇదీ అదేనా?

కుంగుబాటు కావచ్చు. పెద్ద వయసులో వచ్చే కుంగుబాటు అచ్చం మతిమరుపులా కనిపిస్తుంది. నిద్ర, ఆకలి పోవడం, ఏది అడిగినా "నాకేం తెలియదు, వదిలెయ్" అనడం ఇందులో ఎక్కువ. వైద్యం చేస్తే జ్ఞాపకం కూడా మెరుగుపడుతుంది. "చనిపోతే బాగుండు" అన్న మాటను వయసు మాట అని తీసిపారేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఏ డాక్టరుకు చూపించాలి? ఏం పరీక్షలు చేస్తారు?

న్యూరాలజిస్టు గానీ, సైకియాట్రిస్టు గానీ, వృద్ధుల వైద్యనిపుణులు గానీ. మేం మొదట వెళ్లిన చోట "డెబ్బై దాటాయి కదమ్మా" అని రెండు నిమిషాల్లో పంపేశారు. అలా పంపేస్తే ఇంకో చోటికి వెళ్లండి. థైరాయిడ్, బీ12, సోడియం పరీక్షలు, తలకు స్కాన్ మామూలుగా చేయిస్తారు. దీనికి బలమైన కారణం ఉంది. బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, ఎప్పుడో తలకు తగిలిన దెబ్బ వల్ల లోపల రక్తం గడ్డకట్టడం, కొన్ని నిద్రమాత్రలు, ఇవి కూడా మతిమరుపు తెప్పిస్తాయి. వీటికి వైద్యం ఉంది. చాదస్తం అని వదిలేస్తే నయమయ్యేది కూడా నయం కాకుండా పోతుంది.

"మా అమ్మకు చదువు రాదు, ఆ పరీక్షలు ఎలా రాస్తుంది?" అంటారు కొందరు. భారత వైద్య పరిశోధన మండలి ఐదు భారతీయ భాషల్లో ఇలాంటి పరీక్షలు తయారు చేయించింది. అందులో తెలుగు ఒకటి. చదువు రానివాళ్లకూ విడిగా ఉన్నాయి.

మందులతో తగ్గుతుందా? సరస్వతి ఆకు, బాదం పని చేయవా?

పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ లాంటివి కొందరికి కొంతకాలం రోజువారీ పనులు నిలబెడతాయి. అమెరికాలో 2023లో అనుమతి పొందిన లెకనెమాబ్ జబ్బు మొదటి దశలో ఉన్నవాళ్లకు వేగాన్ని కొంత తగ్గిస్తుంది, కానీ మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ముప్పు ఉంది కాబట్టి తరచూ స్కాన్‌లు తీయాలి. బాదం తినండి, మంచి తిండే. లేహ్యాలు, పొడులు జబ్బును వెనక్కి తిప్పుతాయన్న ప్రకటనలు నమ్మి వేలు పోయకండి. ఏ పొడి వాడుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పండి. గొడవ చేస్తున్నారని పక్కింటివాళ్ల నిద్రమాత్ర మాత్రం వేయొద్దు, పడిపోతారు.

మా అమ్మకు వచ్చింది, నాకూ వస్తుందా?

ముప్పు కొంత ఎక్కువే, రాసిపెట్టి మాత్రం లేదు. నేరుగా వంశంలో దిగే రకాలు చాలా అరుదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 14 కారణాల మీద శ్రద్ధ పెడితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను ఆపడమో, వాయిదా వేయడమో సాధ్యం కావచ్చని చెప్పింది. బీపీ, షుగరు, పొగ, మద్యం, ఒంటరితనం అందులో ఉన్నాయి. మనం అసలు పట్టించుకోనిది ఒకటుంది, చెవుడు. వినపడకపోతే మాట తగ్గుతుంది, మాట తగ్గితే మెదడుకు పని తగ్గుతుంది. పళ్ల సెట్టుకు ఖర్చుపెట్టే ఇల్లు వినికిడి మిషన్‌కు వెనకాడుతుంది.

హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు చేసిన పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలిస్తే, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురానివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడుతూ పెరిగిన ఆ ఊరి మనుషుల సంగతి ఇప్పుడు ప్రపంచమంతా ప్రస్తావిస్తుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇంట్లోంచి వెళ్లిపోయి తప్పిపోతే?

వెంటనే 112కు ఫోన్ చేయండి, సాయంత్రం దాకా చూద్దామనుకోవద్దు. ముందు పాత ఇల్లు, పుట్టిన ఊరి బస్సు, రోజూ వెళ్లే గుడి దారుల్లో వెతకండి. మేం ఇంటి ఫోన్ నంబరు చీర కొంగు లోపల కుట్టాం, మెడలో బిళ్ల మీద చెక్కించాం. ఈమధ్య తీసిన ఫోటో ఫోన్‌లో ఎప్పుడూ ఉండాలి.

ఆస్తి, బ్యాంకు పనుల సంగతేంటి?

జబ్బు మొదట్లోనే, మనిషికి అన్నీ అర్థమవుతున్నప్పుడే వీలునామా, నామినీలు చూసుకోవాలి. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఇచ్చినవాళ్ల మతి స్థిమితం పోతే మన కాంట్రాక్టు చట్టం ప్రకారం అది చెల్లదు. లాయరుతో మాట్లాడండి. అర్థం కాని మనిషి చేత వేలిముద్ర వేయించడం మాత్రం దొంగతనమే.

హోమ్‌లో చేర్చడం తప్పా?

కాదు. అన్నాళ్లు చూసుకున్న కొడుకుని "అమ్మను ఆశ్రమంలో పడేశాడు" అనేవాళ్లలో ఎవరూ ఒక్క రాత్రి మేలుకుని ఉండరు. శుభ్రంగా ఉందా, కట్టేస్తున్నారా, రాత్రి ఎంతమంది ఉంటారు, చెప్పకుండా వెళ్తే లోపలికి రానిస్తారా, ఇవి చూసి చేర్చండి, తరచూ వెళ్లండి.

మా చుట్టాలింట్లో ఇలాగే ఉంది. మేం ఏం చేయగలం?

సలహాలు ఆపండి. "ఏదైనా కావాలంటే చెప్పు" అనకండి, ఎవరూ చెప్పరు. నాలుగో ఏడు మా ఆడపడుచు నెలకో వారం వచ్చి ఉండటం మొదలుపెట్టింది. మొదటి వారం నేను పుట్టింటికి వెళ్లి రెండు రోజులు నిద్రపోతూనే ఉన్నాను. మీకు వారం కుదరకపోవచ్చు. "ఆదివారం నాలుగింటికి వస్తాను, ఆరున్నర దాకా అత్తయ్య దగ్గర నేను కూర్చుంటాను, నువ్వు బయటికి వెళ్లిరా" అని చెప్పి, ఆ టైముకు వెళ్లండి.